పికప్ బండి సస్పెన్షన్ బుష్‌లు మార్చడం: వెనక కమాన్లు, ముందు ఆర్మ్‌లు

కొత్త బుష్ ఆరు నెలలకే చిరిగిపోయిందంటే, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే దాని బోల్టు బిగించేసి ఉంటారు. ఈ పనిలో చెమట పట్టించేది పాత బుష్ ఊడదీయడం. తెలియకుండా చెడిపోయేది మాత్రం చివరి బిగింపు. అందుకని ముందు బుష్ ఎలా పనిచేస్తుందో చూసి, తర్వాత పానా పట్టుకుందాం.

రబ్బరు బుష్‌లో బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు ఉంటాయి. బయటి గొట్టం కమాను (వెనక ఇరుసుకు బిగించే ఉక్కు ఆకుల కట్ట) కొసన వలయంలా చుట్టిన కంట్లోనో, ఆర్మ్ (ముందు చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి) రంధ్రంలోనో బిర్రుగా కూర్చుంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ రెండు చెంపల మధ్య నొక్కుకుపోయి అక్కడే ఆగిపోతుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు బేరింగులో లాగా ఏదీ దేనిమీదా జారదు. రబ్బరే మెలి తిరిగి, మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. కాబట్టి బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో అదే రబ్బరుకు విశ్రాంతి స్థానం. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడుతుంది. ఖాళీగా నిలబెట్టినా ఆ మెలిక పోదు. గుంతలో పడినప్పుడు దానిమీద ఇంకొంత మెలిక చేరి, రబ్బరు గొట్టం దగ్గర ఊడిపోతుంది.

ఏది అరిగిందో ముందు తేల్చుకోండి

గతుకు మీద వెనకనుంచి దడ్‌మని ఒక్క దెబ్బ వినబడితే కమాను కంటి బుష్‌లనో, షాకిల్ (కమాను వెనక కంటిని ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) బుష్‌లనో అనుమానించాలి. బ్రేకు వేయగానే ముందు చక్రం కొద్దిగా వెనక్కి జరిగినట్టు, స్టీరింగు ఒక పక్కకు లాగినట్టు ఉంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడండి. చిన్నచిన్న గతుకుల మీద టకటకమని ఆగకుండా వస్తే అది ఎక్కువగా స్టెబిలైజర్ రాడ్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లదీ, లింకులదీ. గేరు మార్చినప్పుడల్లా వెనక ఇరుసు కదిలిన చప్పుడైతే కమాను కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులయ్యాయేమో చూడకుండా బుష్‌ల జోలికి వెళ్ళకండి.

బండి కిందికి చేరి, బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య పొడవాటి టైర్ లివర్ పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు సాగి తిరిగి వస్తే ఫర్వాలేదు. లోహం లోహాన్ని తాకినా, లోపలి గొట్టం మధ్యలో కాకుండా ఒక పక్కకు వాలి ఉన్నా, రబ్బరు అంచు గొట్టాన్ని వదిలేసి చీలిక కనబడినా మార్చాల్సిందే. పైపైన సన్నని పగుళ్ళు ఉన్నంత మాత్రాన బుష్ పోయినట్టు కాదు, పాత రబ్బరు అలాగే ఉంటుంది. కొన్ని బండ్ల లోయర్ ఆర్మ్‌లలో రబ్బరు లోపల ద్రవం నింపిన బుష్‌లు వస్తాయి. చుట్టూ జిడ్డుగా కారిన మరక ఉంటే దాని పని అయిపోయింది.

కిర్రుమంటోందని రబ్బరు మీద ఇంజన్ ఆయిలో మామూలు గ్రీజో పూయడం చాలామందికి అలవాటు. రెండు రోజులు చప్పుడు ఆగుతుంది. ఆ నూనెకు సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి అంతకంటే త్వరగా పాడవుతుంది.

ఏమేం కావాలి

వెనక కమాను కట్టకు ఒక్కో పక్క మూడు చోట్ల బుష్ ఉంటుంది: ముందు కన్ను, వెనక కన్ను, షాకిల్ పైభాగం ఛాసిస్‌ను కలిసే చోటు. రెండు పక్కలా కలిపి ఆరు. మీ బండిలో రెండు ముక్కల టోపీ ఆకారపు రబ్బరు బుష్‌లుంటే ఒక్కో చోటుకు రెండు చొప్పున లెక్కేసుకోవాలి. ముందు కన్ను ఒక రకం, షాకిల్ ఇంకో రకం కావడం మామూలే కాబట్టి కొనేముందు కింద చూసి లెక్కపెట్టండి. ముందు సస్పెన్షన్‌లో సాధారణంగా ఒక్కో లోయర్ ఆర్మ్‌కు రెండు, ఒక్కో అప్పర్ ఆర్మ్‌కు రెండు. ఒక పక్కే అరిగినా రెండో పక్కది కూడా మార్చండి.

బుష్‌లతో పాటే కొత్త బోల్టులు, సెల్ఫ్ లాకింగ్ నట్లు తెచ్చుకోండి. పాత బోల్టు కోయాల్సి వస్తే అప్పుడు వెతుక్కోవడం కుదరదు. తలమీద 10.9 అని (అది బోల్టు బలం గుర్తు) ఉన్న బోల్టు స్థానంలో 8.8 వేయకూడదు. కమాను కట్ట మొత్తం దింపే ఆలోచన ఉంటే యూ బోల్టులు కూడా కొత్తవే కావాలి. ఒకసారి బిగించినప్పుడు సాగిన యూ బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు.

పనిముట్లలో ట్రాలీ జాకీ, నాలుగు స్టాండ్లు, చక్రాలకు అడ్డుచెక్కలు, పొడవాటి టామీ రాడ్, 17 నుంచి 24 మి.మీ. దాకా సాకెట్లు, టార్క్ రెంచ్, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్, హ్యాక్సా, డ్రిల్లు, బాల్ జాయింట్ (ఆర్మ్ కొసన అన్ని వైపులా తిరిగే కీలు) సెపరేటర్, బుష్ నొక్కే సీ ఆకారపు ప్రెస్ ఉండాలి. స్టాండ్ల మీద రాసిన టన్నుల సంఖ్య ఒక్కోదానికా, జతకా అన్నది చదివి చూడండి. చాలావాటి మీద రాసేది జత లెక్కే.

జాకీ ఎత్తకముందు చేయాల్సిన కొలత

బండి ఖాళీగా, చదును నేలమీద, టైర్లలో గాలి సరిగ్గా ఉండగా, ఒక్కో చక్రం నడిమధ్య నుంచి నిలువుగా పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. నాలుగు చక్రాలకు నాలుగు అంకెలు. చివరి బిగింపు ఈ అంకెల మీదే ఆధారపడి ఉంటుంది. బండి ఎత్తేశాక ఈ కొలత మళ్ళీ దొరకదు.

ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి అన్ని బోల్టుల మీదా తుప్పు స్ప్రే కొట్టండి. కనబడే మరలను ముందే వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి. మట్టి పట్టిన మర మీదనుంచి నట్టు తిప్పితే మర పోతుంది.

వెనక కమాన్లు

కమాను కట్ట మొత్తం దింపాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. యూ బోల్టులు ముట్టుకోకుండానే ఒక్కో కన్ను బ్రాకెట్ నుంచి కిందికి దించి, అక్కడే ప్రెస్ పెట్టి బుష్ మార్చవచ్చు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క మొదలుపెట్టండి. రెండోది బిగిసి ఉంటేనే ఇరుసు తన చోటు వదలదు.

1. ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి. వెనక చక్రాల నట్లు నేలమీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి.

2. బండి వెనక భాగం ఎత్తి, కమాను ముందు బ్రాకెట్‌కు కాస్త ముందుగా, ఛాసిస్ రైలు కింద రెండు స్టాండ్లు నిలపండి. చక్రాలు తీసి, ఇరుసు కింద జాకీ ఆనించండి. ఇక ఛాసిస్ బరువంతా స్టాండ్ల మీద, ఇరుసు బరువు జాకీ మీద. బరువు మోసే పని జాకీ ఒక్కదానికే వదలకండి. బోల్టు తీసే ముందు ఇరుసు కింద మిగిలిన రెండు స్టాండ్లు కూడా తోడు పెట్టండి.

3. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీయండి. ఇరుసు దిగేటప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు, హ్యాండ్ బ్రేకు కేబులు లాగబడకుండా చూస్తూ ఉండండి. కొన్ని పికప్‌లలో బరువును బట్టి బ్రేకు సర్దే వాల్వు రాడ్ ఇరుసుకు కలిపి ఉంటుంది, దాన్నీ విడదీయాలి.

4. జాకీ మెల్లగా దించుతూ కమానులో బలం పోయే ఎత్తు వెతకండి. నట్టు తీశాక బోల్టు చేత్తో అటూ ఇటూ కదిలితే అదే సరైన ఎత్తు. బిర్రుగా ఉంటే జాకీని రెండు మూడు సెంటీమీటర్లు పైకీ కిందికీ ఆడించి చూడండి. సుత్తి ఆ తర్వాత.

5. షాకిల్ తో మొదలుపెట్టండి, తేలిక. అది అయ్యాక ముందు కన్ను. ముందు బోల్టు తీస్తే ఆ పక్క ఇరుసు కొద్దిగా వెనక్కో ముందుకో జరుగుతుంది. తిరిగి బిగించేటప్పుడు రంధ్రాలు కలవకపోతే ఇరుసుకు రాచెట్ పట్టీ కట్టి లాగితే కలుస్తాయి. రంధ్రంలో వేలు పెట్టి చూడొద్దు.

ముందు కంటి బోల్టు ఏ వైపుకు బయటికి వస్తుందో ముందే చూడండి. ఇంధన ట్యాంకు ఉన్న వైపు బోల్టు తల లోపలికి ఉండి, బయటికి లాగబోతే ట్యాంకుకు తగిలే బండ్లున్నాయి. అప్పుడు ట్యాంకు పట్టీలు వదులు చేసి కొద్దిగా దించాలి. తిరిగి వేసేటప్పుడు తల ఏ వైపు ఉండాలో కంపెనీ పెట్టినట్టే పెట్టండి.

బోల్టు కదలకపోతే

నట్టు ఊడింది, బోల్టు తిరుగుతోంది, కానీ వదిలిన వెంటనే స్ప్రింగులా వెనక్కి వస్తోంది. అంటే బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి, మీరు తిప్పుతున్నది రబ్బరును. ఇంకా బలం పెడితే రబ్బరు చిరిగి బోల్టు ఊరకే గిర్రున తిరుగుతుంది, బయటికి మాత్రం రాదు. నట్టును బోల్టు కొనకు సమంగా వచ్చేదాకా తిరిగి ఎక్కించి, దానిమీద బరువైన సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. నట్టు ఉంటే కొన చదునై పోదు. అప్పటికీ రాకపోతే కోయడమే. బ్రాకెట్ చెంపకూ బుష్‌కూ మధ్య సందులో రంపం బ్లేడు పెట్టి, రెండు వైపులా బోల్టును, గొట్టాన్ని కలిపి కోసేయండి. బ్రాకెట్ చెంపలు గీరుకోకుండా బ్లేడు బుష్ వైపు ఒరిగించి పట్టుకోండి. ట్యాంకు, ఇంధన గొట్టాలు దగ్గర్లో ఉన్నచోట గ్రైండరు గానీ గ్యాసు మంట గానీ వద్దు.

పాత బుష్ తీయడం

సీ ప్రెస్ లేకపోతే 14 మి.మీ. మరల రాడ్, మందపాటి వాషర్లు, రెండు గొట్టం ముక్కలతో పని జరుగుతుంది. నెట్టే ముక్క బుష్ బయటి గొట్టం కంటే ఒకటి రెండు మి.మీ. చిన్నది. అవతల బుష్ దిగే ముక్క లోపలి వెడల్పు బుష్ కంటే రెండు మి.మీ. పెద్దది. ఉదాహరణకు బుష్ 45 మి.మీ. అయితే నెట్టేది 43 లేదా 44, అందుకునేది లోపల 47. మరలకు గ్రీజు పూసి చేతి పానాతోనే తిప్పండి. ఇంపాక్ట్ గన్‌తో ఎండు మరలను తిప్పితే ప్రెస్ స్క్రూ పట్టేసుకుంటుంది.

అదీ కదలకపోతే రబ్బరులో లోపలి గొట్టం చుట్టూ 6 మి.మీ. రంధ్రాలు వరసగా వేసి, గొట్టాన్ని సుత్తితో బయటికి కొట్టండి. రబ్బరు గీకేశాక మిగిలేది ఖాళీ బయటి గొట్టం. హ్యాక్సా బ్లేడు విప్పి రంధ్రంలోంచి దూర్చి మళ్ళీ బిగించి, గొట్టాన్ని లోపలినుంచి పొడవునా ఒక గాటు కోయండి. గాటు దాదాపు పూర్తయ్యాక చీజిల్‌తో అంచును లోపలికి మడిస్తే పట్టు వదిలేస్తుంది. బ్లేడు కమాను కంట్లోకి దిగకూడదు. అక్కడ పడ్డ గీత నుంచే రేపు ఆకు విరుగుతుంది.

రబ్బరును మంటపెట్టి కాల్చేసే పద్ధతి త్వరగా అవుతుంది గానీ నేను వద్దంటాను. పొగ విషం, మండే రబ్బరు చిమ్ముతుంది, వేడికి స్ప్రింగు ఉక్కు గట్టిదనం పోతుంది.

కొత్త బుష్ ఎక్కించడం

కన్ను లోపల ఎమెరీ కాగితంతో తుప్పు తీసి, అంచు దగ్గర పొడుచుకొచ్చిన లోహాన్ని ఆకురాయితో సరిచేయండి. బయటి గొట్టం ఉక్కుదైతే రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే కాస్త సుళువవుతుంది. ఎక్కువ ఆశపడకండి: 45 మి.మీ. ఉక్కు గొట్టం 40 డిగ్రీలు చల్లబడితే తగ్గేది ఒక మిల్లీమీటరులో వందోవంతులు రెండే. తిన్నగా పెట్టి నొక్కకపోతే అది కూడా పనికిరాదు.

నొక్కే ముక్క బయటి గొట్టం అంచు మీదే ఆనాలి. లోపలి గొట్టం మీదో రబ్బరు మీదో నొక్కితే అతుకు ఊడిపోతుంది, కొత్త బుష్ పుట్టుకతోనే చచ్చినట్టు. మొదటి నాలుగైదు మి.మీ. చాలా నెమ్మదిగా వెళ్ళి, వంకరగా కనబడితే వెంటనే వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. వంకరగా బలవంతం చేస్తే గొట్టం అంచు ముడుచుకుపోతుంది. రబ్బరు మాత్రమే ఉండే రెండు ముక్కల బుష్‌లకైతే సబ్బు నీళ్ళు చాలు, ఆరాక జారుడు ఉండదు.

బుష్ చేత్తో తోస్తేనే దిగిపోతోందంటే కన్ను తెరుచుకుపోయింది. దాన్ని వెల్డింగు చుక్కలతో నిలబెట్టే వాళ్ళున్నారు. స్ప్రింగు ఉక్కు వెల్డింగు పక్కనే పెళుసై విరుగుతుంది, ఆ ఆకు మార్చడమే సరైనది.

పాలీయురెథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్, పొట్టిగా పాలీ) బుష్‌ల సంగతి వేరు. అవి మెలి తిరగవు, లోపలి గొట్టం మీద తిరుగుతాయి. అందుకే వాటికి కిట్‌లో వచ్చే సిలికాన్ గ్రీజు గొట్టం మీదా, పక్క ముఖాల మీదా ధారాళంగా పూయాలి. లోపలి గొట్టం బుష్ కంటే వెంట్రుకవాసి పొడవు ఉండాలి, లేకపోతే బ్రాకెట్ పాలీనే నొక్కేసి పట్టేస్తుంది. పాత బయటి గొట్టం ఉంచాలా తీసేయాలా అనేది కిట్ కాగితంలో చూసి ఆ తర్వాతే కోతకు దిగండి. బరువులు మోసే బండికి కమాను కళ్ళలో పాలీ బాగానే పనిచేస్తుంది, గ్రీజు ఎండితే కీచుమంటుంది. రెండు దిక్కుల్లో ఒంగాల్సిన ఆర్మ్ బుష్‌లకు మాత్రం రబ్బరే నా ఎంపిక.

ముందు ఆర్మ్‌లు

ముందుగా మీ బండిలో స్ప్రింగు ఎక్కడుందో చూసుకోండి. షాక్ చుట్టూ కాయిల్ ఉన్న రకమైతే కింది బోల్టు తీస్తే చాలు, పైన మధ్యలో ఉన్న నట్టు మాత్రం ముట్టుకోవద్దు. కాయిల్ ఆర్మ్‌కూ ఛాసిస్‌కూ మధ్య విడిగా నిలబడి ఉంటే స్ప్రింగు కంప్రెసర్ లేకుండా ఆర్మ్ విప్పకూడదు, ఆ స్ప్రింగు ఎగిరితే ప్రాణం తీస్తుంది. టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) రకమైతే సర్దే బోల్టు ఎంత మర బయటికి ఉందో కొలిచి రాసుకుని, అప్పుడు పూర్తిగా వదులు చేయండి.

లోయర్ ఆర్మ్ బోల్టుల తల కింద గుండ్రంగా, రంధ్రం పక్కకు ఉన్న వాషర్ కనబడితే అవి అలైన్‌మెంట్ కామ్ బోల్టులు. వాషర్ మీదనుంచి బ్రాకెట్ మీదికి చీజిల్‌తో సన్నని గీత గీయండి, పెయింటు గీత స్ప్రేకు చెదిరిపోతుంది. తర్వాత స్టెబిలైజర్ లింకు, షాక్ కింది బోల్టు, బాల్ జాయింట్ ఈ వరసలో విడదీయండి. బాల్ జాయింట్ మళ్ళీ వాడేదైతే చీలిక ఫోర్కు వాడొద్దు, రబ్బరు తొడుగు చిరుగుతుంది. నకుల్‌ను (చక్రం హబ్ బిగించి ఉండే ముక్కను) తీగతో పైకి కట్టేయండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో అది బయటికి వాలితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడివస్తుంది.

ఆర్మ్ దించాక బుష్ తీయకముందే దాని రబ్బరులోని ఖాళీలు ఏ దిక్కున ఉన్నాయో చూసి, ఆర్మ్ మీద గుర్తు పెట్టి, ఫొటో తీసుకోండి. ఆ ఖాళీలు ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండేందుకు పెట్టినవి. తిప్పి వేస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఊగుతుంది. రేకు ఆర్మ్ అయితే నొక్కేటప్పుడు రెండు చెవుల మధ్య సరిపోయే గొట్టం ముక్కను పొడవునా సగం కోసి అడ్డు పెట్టండి, లేకపోతే బుష్ కంటే ముందు చెవులు ఒంగుతాయి. బాల్ జాయింట్ కూడా అరిగి ఉంటే బుష్‌లు నొక్కి వచ్చే పూర్తి ఆర్మ్ తెచ్చి వేయడమే తెలివైన పని.

స్టెబిలైజర్ రాడ్ బుష్‌లకు ఇదంతా అక్కర్లేదు: బ్రాకెట్ రెండు బోల్టులు తీసి, రాడ్ శుభ్రం చేసి, చీలిక పాతదానిలాగే ఉన్న దిక్కుకు పెట్టి కొత్తది తొడగండి.

చివరి బిగింపు

ఇప్పటిదాకా ఏ బుష్ బోల్టునూ గట్టిగా బిగించి ఉండకూడదు. నట్టు బ్రాకెట్‌ను తాకేదాకా చేత్తో తిప్పి వదిలేయండి. బాల్ జాయింట్, బ్రేకు వంటి వాటిని గాల్లోనే పూర్తి టార్క్‌కు బిగించవచ్చు, వాటిలో మెలిపడే రబ్బరు లేదు.

చక్రాలు బిగించి బండిని నేలకు దించండి. కిందికి చేయి దూరకపోతే నాలుగు చక్రాలనూ ఒకే ఎత్తు గట్టి చెక్క దిమ్మెల మీదికి ఎక్కించండి. బంపర్ నొక్కి నాలుగైదు సార్లు ఊపి, మొదట రాసుకున్న కొలతలతో పోల్చండి. ఐదారు మి.మీ. తేడా ఉన్నా ఫర్వాలేదు. ఇప్పుడు బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టు వైపునుంచి టార్క్ రెంచ్‌తో బిగించండి. అంకె మీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉన్నదే, ఇంకో బండిది కాదు.

నేలమీద పెడితే బోల్టు అందని బండ్లలో చక్రం లేకుండానే జాకీ ఆర్మ్ కింద, బాల్ జాయింటుకు వీలైనంత దగ్గర పెట్టి, హబ్ మధ్యనుంచి మడ్‌గార్డు అంచుకు దూరం ఆ రాసుకున్న అంకె వచ్చేదాకా ఎత్తి బిగించండి. ఛాసిస్ స్టాండు మీదనుంచి లేచిపోతోందంటే ఆగిపోండి, బండి జారుతుంది.

ఎప్పుడూ సరుకుతోనే తిరిగే పికప్ అయితే? మాన్యువల్ ఖాళీ బండికే చెబుతుంది, నా సలహా కూడా అదే. రోజంతా ఒకే బరువు మోసే బండికి ఆ బరువులో సగం వేసి బిగించడంలో మాత్రం తర్కం ఉంది.

యూ బోల్టులు మార్చి ఉంటే, కమాను నడిమి బోల్టు తల ఇరుసు పీటలోని రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి.

రోడ్డెక్కాక

మొదట ఖాళీ దారిలో నెమ్మదిగా నడుపుతూ రెండు మూడు సార్లు గట్టిగా బ్రేకు వేయండి. దడ్‌మన్న చప్పుడు అలాగే ఉంటే లింకులో, షాక్ పై బుష్‌లో వెతకండి. బండి ఒక పక్క ఎత్తుగా నిలబడితే ఆ పక్క బోల్టులు గాల్లో బిగించినవే: నేలమీద వదులు చేసి, ఊపి, మళ్ళీ బిగించండి.

ఆర్మ్ ముట్టుకున్నాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. అక్కడ కామ్ బోల్టులు వదులు చేసి మళ్ళీ బిగిస్తారు కాబట్టి వాటికి టార్క్ రెంచ్ వాడమని చెప్పండి. చక్రాల నట్లు 50 నుంచి 100 కి.మీ. మధ్య ఒకసారి, కొత్త యూ బోల్టులు 500 కి.మీ. దగ్గర ఒకసారి బరువు లేకుండా టార్క్ చూడండి. అప్పుడే టార్చి పట్టుకుని బుష్‌ల అంచులు కూడా చూడండి. బండి నేలమీద ఖాళీగా ఉండగా లోపలి గొట్టం నడిమధ్యలో, రబ్బరు అంచు మడత లేకుండా ఉండాలి. ఒక్కదానిలో మెలిక కనబడినా ఆ బోల్టు వదులు చేసి మళ్ళీ బిగించడానికి పది నిమిషాలు చాలు.